బాకీని మరువని యంత్రము ప్రాణమును మరువవచ్చునా?



గడచిన నెలలో మన సంఘ కార్యవర్గము ఒక విషయమును చర్చించినది. నగరములోని ఒక ధర్మాసుపత్రివారు కంప్యూటర్లు కొనుటకై మన వర్తకుల విరాళములను కోరిరి. ఆ యంత్రములు దేనికని నేనడిగితిని. రోగుల పేర్లు వ్రాసికొనుటకు, గదుల అద్దె లెక్కించుటకు, మందుల చీటీలకు, బాకీల వసూలునకు అని సమాధానము వచ్చినది. "మంచమున పడియున్న రోగి కాలిలో రక్తము గడ్డకట్టు ప్రమాదమున్నదని వైద్యునికి జ్ఞాపకము చేయుటకు గూడ వానిని వాడుదురా?" అని మరల అడిగితిని. సభలో ఒకరిద్దరు నవ్విరి. ఒక పెద్దమనిషి, "నూలు బేరము చేయువానికి నాడీశాస్త్రమెందుకయ్యా?" అనెను. ఆ నవ్వునకును, ఆ ప్రశ్నకును సమాధానముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను మెట్రిక్యులేషను వరకు చదివినవాడను. షోలాపురమున మా తాతలనాడు వచ్చి నిలిచిన కుటుంబము మాది. నూలు, చద్దరుల వ్యాపారము తప్ప నాకు వేరు విద్య రాదు. వైద్యము బొత్తిగా రాదు. కాని లెక్క వచ్చును. మరపువలన కలుగు నష్టమెట్టిదో వర్తకునికి తెలిసినంతగా మరియొకనికి తెలియదు.

మా పెద్దక్క కథ చెప్పెదను. ఆమెకు అరువదియారేండ్లు. స్థూలకాయము. పెరటిలో జారిపడి తుంటియెముక విరిగినది. వేరొక పట్టణములోని పెద్ద ఆసుపత్రికి కొనిపోతిమి. శస్త్రచికిత్స చక్కగా జరిగినది. అక్కడి వైద్యులు సమర్థులు, నర్సులు దయగలవారు. వారిని నిందించుట నా ఉద్దేశము కాదు. ఎనిమిది దినములు మంచమున నుంచి తొమ్మిదవనాడు ఇంటికి పంపిరి. ఆ ఎనిమిది దినములలో ఆసుపత్రి కంప్యూటరు మమ్ము నాలుగుసార్లు కౌంటరునకు పిలిపించినది. మేము కట్టిన అడ్వాన్సు తరిగిపోగానే అది తెరపై ఎఱ్ఱగా చూపునట. గుమాస్తా పరుగున వచ్చి చెప్పెడివాడు. ఇంటికి వచ్చిన నాలుగవ దినమున తెల్లవారుజామున మా అక్క "ఊపిరాడుటలేదురా" అని ఒక్కమాట అన్నది. కారు వీధి మలుపు తిరుగకముందే ప్రాణము పోయినది. కాలిసిరలో గడ్డకట్టిన రక్తము ఊపిరితిత్తులకు చేరియుండునని వైద్యులు తరువాత చెప్పిరి.

తరువాత నాకు జ్ఞప్తికి వచ్చినది. నలుబది యేండ్ల క్రిందట మా అక్క పురిటిలో ఒక కాలు వాచి నెలదినములు మంచము పట్టినది. ఆ వాపు ఏమిటో ఆనాడు ఎవరును తేల్చలేదు. ఆసుపత్రిలో చేర్చునప్పుడు ఆ సంగతి ఎవరును అడుగలేదు, మేమును చెప్పలేదు. అడ్వాన్సు తరిగిన సంగతి యంత్రమునకు తెలిసినది. కాలు వాచిన సంగతి తెలియలేదు. ఎందుకనగా, ఆ ప్రశ్నను దానికి ఎవరును నేర్పలేదు.

ఇది క్రొత్తగా కనుగొన్న జబ్బా? కాదు. రక్తము సిరలలో ఎందుకు గడ్డకట్టునో జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1856 నాటికే వివరించియున్నాడు. రక్తప్రవాహము మందగించుట, సిరగోడ దెబ్బతినుట, రక్తమునకు గడ్డకట్టు స్వభావము హెచ్చుట అను మూడు కారణములను నేటికిని వైద్యవిద్యార్థులు ఆయన పేరనే చదువుచున్నారు. కోతపడి మంచమునున్న రోగికి మూడును ఒక్కసారి కూడవచ్చును. మందు లేదా? ఉన్నది. హెపారిన్ అను మందునకు మూలమైన పదార్థమును అమెరికాలోని బాల్టిమోరులో 1916లో కనుగొనిరి. విజయ్ కక్కర్ అను భారత సంతతి శస్త్రవైద్యుడు లండనునుండి నడపిన పెద్ద పరిశోధన 1975లో వెలువడినది. శస్త్రచికిత్స జరిగిన 4121 మందిని రెండు పాళ్లు చేసి, ఒక పాలునకు చిన్నమోతాదులో హెపారిన్ ఇచ్చిరి. ఈయనివారిలో ఊపిరితిత్తుల గడ్డవలన 16 మంది మరణించిరి. ఇచ్చినవారిలో ఇద్దరే.

కారణము తెలిసినది, మందు దొరకినది, లెక్క తేలినది. ఇక మిగిలినదేమి? మరపు. అంతియే.

ఆ మరపునకు విరుగుడును గూడ కనుగొనిరి. అమెరికాలోని బోస్టను నగరమున బ్రిగమ్ ఆసుపత్రివారు చేసిన పరీక్ష 2005లో ప్రచురింపబడినది. వారు యంత్రమునకు చిన్న కూడిక నేర్పిరి. రోగికి కాన్సరున్న మూడంకెలు. మునుపు రక్తము గడ్డకట్టియున్న మూడు. రక్తమునకు గడ్డకట్టు స్వభావము అధికమని తేలియున్న మూడు. పెద్ద శస్త్రచికిత్స జరిగిన రెండు. ముదిమి, స్థూలకాయము, మంచముపట్టుట, హార్మోను మందులు, వీనిలో ఒక్కొక్కదానికి ఒకటి. మొత్తము నాలుగుగాని అంతకు మించిగాని యుండి, నివారణోపాయమేదియు వ్రాయబడకున్నచో, వైద్యుని తెరపై హెచ్చరిక వచ్చును. ఇట్టి రోగులు 2506 మందిని తీసికొని, 1255 మంది విషయమున వైద్యులకు హెచ్చరిక పంపిరి; 1251 మంది విషయమున పంపలేదు. తొంబది దినములలో హెచ్చరిక లేనివారిలో 103 మందికి గడ్డలు కనబడినవి. హెచ్చరిక ఉన్నవారిలో 61 మందికి. ప్రమాదము నూటికి నలుబదియొక్క పాళ్లు తగ్గినది. రక్తస్రావము హెచ్చలేదు.

ఇందులో ఒక వింత కలదు. హెచ్చరిక వచ్చినను వైద్యుడు దానిని త్రోసిపుచ్చుటకు స్వతంత్రుడే. పలువురు త్రోసిపుచ్చిరి గూడ. హెచ్చరికతో నివారణ పొందినవారు నూటికి 33 మందికి కొంచెము మించియుండిరి. హెచ్చరిక లేనిచోట పదునాలుగు పదునైదుగురే. అనగా మూడింట రెండు పాళ్లు యంత్రము మాట చెల్లలేదు. చెల్లిన ఆ కొంచెమునకే అంత ఫలము!

మా అక్క లెక్క నేనే వేసి చూచితిని. పెద్ద శస్త్రచికిత్సకు రెండు, స్థూలకాయమునకు ఒకటి, మంచము పట్టినందుకు ఒకటి, మొత్తము నాలుగు. పురిటినాటి వాపును విడిచిపెట్టినను నాలుగు! ఆ వాపు గడ్డయే యని తేలియుండిన ఏడు. మూడవ తరగతి పిల్లవాడు వేయదగిన కూడిక ఇది. ఆ యంత్రమున్నచో ఆమె తప్పక బ్రదికియుండునని నేననను. హెచ్చరిక వచ్చినవారిలోను 61 మందికి గడ్డలు కట్టినవని పైన వ్రాసితిని. కాని బ్రదుకుటకు ఆమెకు రావలసిన పాలు ఆమెకు రాలేదు. నా ఫిర్యాదు అదియే.

ఇక ఎదిరిపక్షపు వాదములకు వచ్చెదను.

మొదటివాదము: "వైద్యుని చేయి యంత్రము పట్టుకొనవచ్చునా?" నా దుకాణమున ముప్పది యేండ్ల అనుభవముగల గుమాస్తా కలడు. అయినను సాయంకాలము చిట్టా, ఆవర్జా సరిచూడనిదే తాళము వేయము. అది గుమాస్తాకు అవమానమా? నలుబదిమంది రోగులను ఒక్కపూటలో చూచు వైద్యుడు మహాపండితుడైనను మనుష్యుడే. విద్య వేరు, జ్ఞాపకము వేరు. తెలియనివానికి చదువు కావలెను. తెలిసి మరచువానికి గుర్తుచేయువాడు కావలెను. యంత్రము చేయునది రెండవ పని. ఆజ్ఞ వైద్యునిదే.

రెండవవాదము: "ఇది దొరల జబ్బు, మన రక్తము అట్లు గడ్డకట్టదు." ఈ మాటను చదువుకొన్నవారి నోటనే వినుచున్నాను. ముప్పదిరెండు దేశముల ఆసుపత్రులలో జరిపి 2008లో ప్రకటించిన పరిశీలనలో మన దేశమును చేరియున్నది. మన దేశపు లెక్కలు 2012లో వేరుగా వెలువడినవి. ఆ వ్యాసమున మొదటిపేరు హైదరాబాదు నిజాము వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన శస్త్రవైద్యునిదే. కావున పరాయివారి మాట యని త్రోసివేయ వీలులేదు. పది ఆసుపత్రులలో 2058 మంది రోగులను చూడగా నూటికి సుమారు 54 మంది ఈ ప్రమాదమున నుండిరి. అట్టివారిలో తగిన నివారణ పొందినవారు నూటికి 17 మందికి కొంచెము పైన! అన్ని దేశములను కలిపి చూచినచో ఈ సంఖ్య నూటికి ఏబది. కావున మన రక్తమునకు దోషము తక్కువ కాదు, మన జాగ్రత్తయే తక్కువ.

మూడవవాదము: "రక్తమును పలుచన చేయు మందు అపాయకరము." నిజము. కడుపులో పుండున్నవానికి, మెదడులో రక్తము చిమ్మినవానికి, వెన్నులో సూది వేయించుకొన్నవానికి చూడక ఇచ్చిన కీడే. మూత్రపిండములు చెడినవానికి కొన్ని మందుల మోతాదు తగ్గింపవలెను. కాని సోదరులారా, ఈ వాదము యంత్రమునకు ప్రతికూలమా, అనుకూలమా? గడ్డ ప్రమాదమును, రక్తస్రావ ప్రమాదమును రెండింటిని ఒక్క తెరపై నిలిపి, మూత్రపిండముల పరీక్షాఫలితమును ప్రక్కన చూపి, "మందు తగనిచో గాలితో కాలిని నొక్కు తొడుగులు వేయుడు" అని చెప్పగలిగినది అదియే గదా! త్రాసునకు రెండు తట్టలు ఉండవలెనని వాదించువాడు త్రాసునే పారవేయమనుట ఎక్కడి న్యాయము?

నాలుగవవాదము: "యంత్రము ప్రతిదానికి అరచిన వైద్యుడు చెవి మూసికొనును." ఇది మాత్రము బలమైన మాట; నేను ఒప్పుకొందును. ఊరకే మొఱుగు కుక్క మాటకు ఇంటివాడు లేవడు. అందుచేతనే హెచ్చరికలు తక్కువగా, తగినచోట, తగినవేళ రావలెను. బాల్టిమోరులోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రివారు వేరొక పద్ధతి నవలంబించిరి. రోగిని చేర్చుకొను ఆజ్ఞలు వ్రాయునప్పుడే ఈ ప్రశ్నలకు సమాధానము పూరింపనిదే ముందునకు పోవ వీలులేకుండ యంత్రమును అమర్చిరి. గాయపడి చేరిన రోగుల విషయమున తగిన నివారణ నూటికి 66 నుండి 84కు పెరిగినదనియు, నివారింపదగియుండియు కలిగిన కీడు నూటికి ఒకటినుండి ఆరవవంతునకు పడిపోయినదనియు 2012లో ప్రకటించిరి. అంతేకాదు. అదివరకు తెల్లవారికి నల్లవారికి, స్త్రీలకు పురుషులకు మధ్య ఈ చికిత్సలో కనబడిన వ్యత్యాసము యంత్రము వచ్చిన పిమ్మట చాలవరకు తొలగినట్లు 2015లో వెల్లడించిరి. అల్పసంఖ్యాకులమైన మనము ఈ మాటను రెండుసార్లు చదువవలెను. మనిషి తెలియకయే పక్షపాతము చేయవచ్చును. అందరిని ఒక్కప్రశ్న అడుగు పద్ధతికి కులము లేదు, భాష లేదు, సిఫారసు లేదు.

ఐదవవాదము: "ఖర్చు." కంప్యూటరు లేని ఆసుపత్రిని నేను తప్పుపట్టను, వారికి ఒక కాగితము చాలును. ఇంగ్లండులో 2010లో ఆసుపత్రిలో చేరు పెద్దవారిలో నూటికి 90 మందినైన ఈ విషయమున పరీక్షింపవలెనని లక్ష్యము పెట్టి, దానిని ఆసుపత్రులకిచ్చు సొమ్ముతో ముడివేసిరి. కొద్ది యేండ్లలోనే ఆ లక్ష్యము నెరవేరినది. సొమ్ముతో ముడివేసిన పని జరుగునని వర్తకులకు వేరే చెప్పనేల? కాని బిల్లులకై యంత్రము కొని, మందుల నిలువకై యంత్రము కొని, బాకీదారుని గడప దాటనీయకుండ కాపలాకై యంత్రము కొని, ఆ యంత్రమునకే ఎనిమిది ప్రశ్నలు నేర్పుటకు ఖర్చు అనువారి మాటను మాత్రము నేను అంగీకరింపను.

ఇంతవరకు ఆసుపత్రులనంటిని. ఇక మనలను మనము అనుకొనవలెను.

యంత్రమునకు మనము చెప్పినదే తెలియును. మన తల్లులు, అక్కలు సంతలో మరాఠీ మాట్లాడుదురు. బళ్లారి, కోలారులలో కన్నడము, మధుర, కోయంబత్తూరులలో తమిళము, బరంపురమున ఒడియా చక్కగా మాట్లాడుదురు. కాని అంగడికి పరభాష, ఆపదకు తల్లిభాష. నొప్పితో మూలుగు ముసలమ్మను కాగితము పట్టుకొన్న కుఱ్ఱవాడు పరభాషలో "మునుపేమైన జబ్బు గలదా?" అని అడిగిన "ఏమియు లేదు నాయనా" అనును. నలుబది యేండ్లనాటి కాలివాపును జబ్బుగా ఆమె తలపదు. తప్పుడు పద్దు ఎక్కిన లెక్కపుస్తకము ఎంత అందముగా నున్న ఏమి లాభము?

మరియొక దోషము. మన ఇండ్లలో రోగిని కదలనీయకుండుటయే ప్రేమయని తలంతుము. వైద్యుడు నడిపింపుమన్నను "పాపము, పడుకోనిండు" అందుము. పొట్టమీద చిన్న సూది వేయవచ్చిన నర్సును "ఇన్ని సూదులేల" అని పంపివేయుదుము. హాప్‌కిన్స్ ఆసుపత్రిలోనే వైద్యులు వ్రాసిన మోతాదులలో నూటికి సుమారు పన్నెండు రోగికి అందలేదనియు, అందకుండుటకు ముఖ్యకారణము రోగులు వలదనుటయే యనియు తేలినది. అక్కడనే అట్లున్న మనలో చెప్పవలెనా? మా అక్కను మంచముదిగవద్దని బ్రతిమాలినవారిలో నేనును ఒకడను. ఈ మాట వ్రాయుట నాకు సులభము కాదు.

కావున మన సంఘము ముందు మూడు కోరికలు ఉంచుచున్నాను.

ఒకటి: విరాళమిచ్చుటకు నేను వ్యతిరేకిని కాను. నా పాలు మొదట నేనే చెల్లింతును. కాని కొనబోవు యంత్రము చేరిన ప్రతి పెద్దరోగికిని గడ్డ ప్రమాదమును, రక్తస్రావ ప్రమాదమును లెక్కించి వైద్యునికి చూపవలెనను షరతు వ్రాతమూలకముగా నుండవలెను. ఆరునెలలకొకసారి ఎంతమందిని పరీక్షించిరో, ప్రమాదమున్నవారిలో ఎంతమందికి నివారణ జరిగినదో సంఖ్యలు మాత్రము, పేర్లు లేకుండ, మనకు తెలుపవలెను.

రెండు: సంఘము పక్షమున తెలుగులో ఒక్కపుట ప్రశ్నపత్రము అచ్చువేయింపవలెను. మునుపెప్పుడైన, పురిటిలోనైనను, ఒక కాలు వాచి నొప్పిపెట్టెనా? రక్తసంబంధులలో ఎవరికైన గడ్డలు కట్టెనా? కాన్సరు గలదా? గర్భనిరోధ మాత్రలుగాని హార్మోనులుగాని వాడుచున్నారా? ఎన్ని దినములనుండి మంచమున నున్నారు? కడుపులో పుండు, రక్తము పడుట, మెదడులో రక్తస్రావము ఎప్పుడైన కలిగెనా? రక్తమును పలుచన చేయు మందు ఇదివరకే వాడుచున్నారా? ఈ ఏడు ప్రశ్నలకు ఇంటిలోనే తీరికగా జవాబులు వ్రాసి, ప్రక్కన ఆ రాష్ట్రభాషలోను, ఇంగ్లీషులోను వ్రాయించి, ఆసుపత్రిలో చేరునాడు చేతికియ్యవలెను. మన యువకులు వారమునకు ఇరువురు చొప్పున ఆసుపత్రికి పోయి దుబాసీలుగా నిలువవలెను.

మూడు: ఇంటికి పంపునాడు ప్రతి కుటుంబమును ఒక్క ప్రశ్న అడుగవలెను: "గడ్డ రాకుండుటకు ఇంటివద్ద ఏమి చేయవలెను, ఎన్ని దినములు?" తుంటిశస్త్రచికిత్స తరువాత ముప్పదియైదు దినములవరకు గూడ ఈ నివారణను కొనసాగింపవచ్చునని వైద్యప్రమాణములు చెప్పుచున్నవి. అపాయము ఆసుపత్రి గడపతో ఆగదు. ఒక్కకాలు వాచినను, పిక్క నొప్పిపెట్టినను, హఠాత్తుగా ఊపిరాడకున్నను, ఎదనొప్పి కలిగినను, దగ్గులో రక్తము పడినను తెల్లవారువరకు వేచియుండవలదు.

నూలు బేరగానికి నాడీశాస్త్రమెందుకని అడిగిన పెద్దలకు నమస్కరించి చెప్పుచున్నాను: అయ్యా, నేను నాడి చూడను. లెక్కపుస్తకము చూతును. అందు ఇరువది రూపాయల బాకీకి ఒక పద్దున్నది, గంటకొక హెచ్చరిక యున్నది. మనిషి ప్రాణమునకు పద్దు లేదు. ఆ పుటను చేర్పింపుడని మాత్రమే అడుగుచున్నాను. వచ్చు కార్యవర్గ సమావేశమున ఈ షరతుతోనే తీర్మానమును ప్రతిపాదింపబోవుచున్నాను. నవ్వినవారు నవ్వుదురుగాక, చేయెత్తువారు తమతమ ఇండ్లలో మంచమున నున్నవారిని ఒక్కసారి తలచుకొని చేయెత్తుదురుగాక.

ఇట్లు,
మీ సంఘసేవకుడు,
షోలాపురము నూలువర్తకుడు.